వాహన వైద్యం: తలుపు తీసినా వెలగని దీపం

పాత కార్ల లోపలి దీపాల మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. మొదటి జవాబు కాస్త పొడుగైంది. మిగతావాటిలో చాలా భాగం దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, మీ ప్రశ్న ఎంత కిందున్నా ముందు అది చదివి రండి.

ప్రశ్న: మా కారుకు ఇరవై ఏళ్లు దాటాయి. తలుపు తీస్తే పైకప్పు లైటు వెలగడం లేదు. కొత్త బల్బు తెచ్చి వేసినా అంతే. ఇక ఎక్కడ చూడాలి?

జవాబు: బల్బు కొనేముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఆ లైటుకున్న స్విచ్ సాధారణంగా మూడు చోట్ల ఆగుతుంది: ఆఫ్, ఆన్, డోర్. దాన్ని ఆన్‌లో పెట్టండి. వెలిగితే బల్బు, ఫ్యూజు, బ్యాటరీ నుంచి వచ్చే వైరు, మూడూ బాగున్నట్టే. తప్పు తలుపు దగ్గరి స్విచ్‌లో ఉంది, లేదా అక్కడికి వెళ్లే వైరులో ఉంది. ఆన్‌లో కూడా వెలగకపోతే తలుపుల జోలికి పోనక్కర్లేదు. బల్బు, హోల్డరు, ఫ్యూజు, సరఫరా వైరు చూసుకుంటే చాలు. డోర్‌లో వెలిగి ఆన్‌లో వెలగకపోతే లైటు స్విచ్ లోపలి రేకో, లైటును కారు బాడీకి కలిపే ఎర్తో పోయినట్టు.

ఇలా ఎందుకంటే, ఇంట్లో స్విచ్ కరెంటు వచ్చే వైరును తెంచుతుంది, కలుపుతుంది. చాలా పాత కార్లలో తలుపు స్విచ్ పని వేరు. బ్యాటరీ ప్లస్ ఫ్యూజు మీదుగా ఎప్పుడూ బల్బు దాకా వచ్చే ఉంటుంది, తాళం తీసేసినా సరే. తలుపు తెరిచినప్పుడు స్విచ్ చేసేదల్లా బల్బు రెండో కొసను కారు బాడీకి, అంటే ఎర్త్‌కు, తగిలించడం. అందుకే లైటు వెనక మూడు కనెక్షన్లు కనిపిస్తాయి: ఎప్పుడూ ఉండే ప్లస్ ఒకటి, ఆన్ కోసం నేరుగా బాడీ ఎర్త్ ఒకటి, తలుపు స్విచ్‌లకు వెళ్లేది ఒకటి. ఈ ఒక్క సంగతి బుర్రలో పడితే లోపలి దీపాల్లో సగం చిక్కుముళ్లు వాటంతట అవే విడిపోతాయి. తలుపు స్విచ్‌తో ప్లస్‌ను తెంచే కార్లూ లేకపోలేదు. వాటిని గుర్తుపట్టే పద్ధతి తరవాతి జవాబులో ఉంది.

మీరు బల్బు మార్చానన్నారు గనక ఇంకో అనుమానం. మార్చేటప్పుడు స్క్రూడ్రైవరుతో గానీ, లోహపు పట్టకారుతో గానీ ఎగదోశారా? ఒక రేకులో ఎప్పుడూ ప్లస్ ఉంటుందన్నాం కదా. స్క్రూడ్రైవరు మొన ఆ రేకునూ పక్కనున్న ఎర్త్ రేకునూ ఒకేసారి తాకితే మినుకుమని ఫ్యూజు పోతుంది. ముందు పోయింది బల్బే కావచ్చు. కొత్తది పెట్టే హడావిడిలో ఫ్యూజు కూడా పోయి, బల్బు మార్చినా వెలగని పరిస్థితి వస్తుంది. ఇది మీరనుకునే దానికంటే చాలా ఎక్కువగా జరుగుతుంది. ఫ్యూజు తీసేశాకే బల్బు తీయండి.

ఆ ఫ్యూజు పెట్టె మూత మీద రూమ్, డోమ్, ఇంటీరియర్, కర్టసీ అని నాలుగు రకాలుగా రాసి ఉంటుంది. సాధారణంగా 10 ఆంపియర్ల ఎరుపు ఫ్యూజు గానీ, 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు గానీ ఉంటుంది. గడియారం, రేడియో జ్ఞాపకశక్తి, డిక్కీ లైటు తరచుగా దీని మీదే ఉంటాయి. గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలైతే, రేడియో స్టేషన్లు మరిచిపోతే, నేరుగా ఫ్యూజు దగ్గరికి వెళ్లండి. కంటితో చూసి బాగుందనుకోవద్దు. వెంట్రుకవాసి చీలిక పైకి కనబడదు. బ్లేడు ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. టెస్ట్ ల్యాంపు అంటే ఒక కొసన క్లిప్పు, ఇంకో కొసన మొన ఉన్న చిన్న పరీక్ష దీపం. దాని క్లిప్పును బాడీకి తగిలించి మొనతో ఆ రెండు చుక్కలనూ ముట్టించండి. రెండింటా వెలిగితే ఫ్యూజు మంచిది. ఒకదాంట్లోనే వెలిగితే పోయింది. రెండింటా వెలగకపోతే ఫ్యూజుకే సరఫరా అందడం లేదు, లేదా క్లిప్పు పెట్టిన చోట రంగు ఉంది. ఈ రెండోది ముందు చూసుకోండి.

ఫ్యూజు సరిగానే ఉంటే హోల్డరు చూడాలి. పైకప్పు లైట్లలో ఎక్కువగా వాడేది రెండు చివరలా మొనదేలిన లోహపు టోపీలుండే గొట్టం బల్బు. రెండు స్ప్రింగు రేకుల మధ్య బిగుసుకుని ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ రేకులు సత్తువ చచ్చి వెనక్కి వాలతాయి, కొసలు నల్లబడతాయి. బల్బును వేలితో తిప్పితే మినుకుమనడం దీని గుర్తు. ఫ్యూజు తీసి, రేకులను లోపలికి కాస్త వంచి, బల్బు టోపీ కూర్చునే చోట 400 నంబరు ఉప్పుకాగితంతో నాలుగుసార్లు రుద్దండి. వంచడంలో అతి చేయకండి. పాత ఇత్తడి రేకు ఒక్క వంపుకే పుటుక్కున విరుగుతుంది.

బల్బుల పొడవు కూడా సరిచూసుకోండి. 31, 36, 39, 41 మిల్లీమీటర్లంటూ పక్కపక్క కొలతల్లో దొరుకుతాయి. 39 ఉండాల్సిన చోట 36 పెడితే ఇంటి దగ్గర వెలుగుతుంది, మొదటి గుంతలో ఆరిపోతుంది. 5 వాట్ల చోట 10 వాట్లది పెట్టడం ఇంకో పొరపాటు. వెలుగు పెరుగుతుంది నిజమే, కానీ తలుపు గంటసేపు తెరిచి ఉంచితే మూత పసుపెక్కి, చివరికి మెత్తబడి వేలాడుతుంది.

చివరగా మీటరు సంగతి. హోల్డరు దగ్గర మల్టీమీటరు 12 వోల్టులు చూపిస్తే సరఫరా బాగుందని తేల్చేయకండి. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. చిలుము పట్టిన అతుకు గుండా కూడా దానికి 12 వోల్టులు కనబడతాయి. అదే అతుకు 5 వాట్ల బల్బుకు కావాల్సిన 0.4 ఆంపియర్లు మోయలేక చేతులెత్తేస్తుంది. బల్బు పెట్టి, లైటు స్విచ్ ఆన్‌లో ఉండగా కొలవండి, లేదా మీటరు పక్కనపెట్టి ఫిలమెంటు ఉన్న టెస్ట్ ల్యాంపుతో చూడండి. ఈ పనికి ఖరీదైన మీటరు కంటే ఆ చవక దీపమే నిజం చెబుతుంది.

ప్రశ్న: మిగతా మూడు తలుపులు తీస్తే లైటు వెలుగుతోంది. డ్రైవరు తలుపుకే వెలగదు. ఈ మధ్యే కారుకు రంగు వేయించాం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది, బహుశా కారణమే అది. తలుపు చట్రంలో రబ్బరు తొడుగు వేసుకుని పొడుచుకొచ్చిన గుండీలాంటి స్విచ్ ఉంటుంది. చాలా కార్లలో దానికి ఒకే వైరు. ఎర్త్ కోసం ఇంకో వైరు ఉండదు, దాన్ని బిగించిన స్క్రూయే ఎర్త్. చట్రానికి రంగు కొట్టేటప్పుడు ఆ స్క్రూ రంధ్రం చుట్టూ రంగు పడితే స్విచ్ బాడీని తాకదు. డ్రైవరు వైపు మీద అనుమానం ఎక్కువగా రావడానికి ఇంకో కారణం, అది తక్కిన మూడింటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు తెరుచుకుని మూసుకునే తలుపు.

తాళం తీసేసి, స్క్రూ విప్పి స్విచ్‌ను నెమ్మదిగా బయటికి లాగండి. స్విచ్ వెనకనున్న చిన్న పిన్ను నుంచి వైరు ఊడదీసే ముందు ఆ వైరుకు టేపు చుట్టి చట్రానికి అతికించండి, లేదా ఒక క్లిప్పు పెట్టండి. చేయి జారితే అది తలుపు పక్క స్తంభం లోపలికి పడిపోతుంది. దాన్ని బయటికి తీయడానికి పట్టే సమయంలో నాలుగు స్విచ్‌లు మార్చవచ్చు.

ఇప్పుడు టెస్ట్ ల్యాంపు క్లిప్పు బాడీకి, మొన ఆ వైరుకు. లైటు స్విచ్ డోర్‌లో ఉండాలి, తక్కిన తలుపులు మూసి ఉండాలి. టెస్ట్ ల్యాంపూ పైకప్పు లైటూ రెండూ మసకగా వెలిగితే మీది ఎర్త్‌ను కలిపే పద్ధతి. కరెంటు రెండు బల్బుల గుండా వరసగా పోతోందన్నమాట. ఆ వైరును బాడీలో ఒట్టి ఇనుము మీద తాకించండి, పైకప్పు లైటు నిండుగా వెలుగుతుంది. అంటే వైరు బాగుంది, తప్పు స్విచ్‌లోనో దాని ఎర్త్‌లోనో. టెస్ట్ ల్యాంపు ఒక్కటే ధగధగా వెలిగితే మాత్రం అది నేరుగా ప్లస్ వైరు. దాన్ని బాడీకి తాకించకండి, ఫ్యూజు పోతుంది. ఏదీ వెలగకపోతే ఆ వైరు మధ్యలో ఎక్కడో తెగింది.

స్విచ్‌ను కాంటాక్టు క్లీనరుతో కడిగి, పది ఇరవై సార్లు నొక్కి వదలండి. రంధ్రం చుట్టూ వేలిగోరంత మేర రంగు గీకి ఇనుము బయటపెట్టి, పెట్రోలియం జెల్లీ పలచగా రాసి బిగించండి. అది రాయకపోతే గీకిన చోట తుప్పు పట్టి మళ్లీ ఇదే ఫిర్యాదుతో తిరిగొస్తారు. రబ్బరు తొడుగు చిరిగి ఉంటే స్విచ్ మొత్తం మార్చేయడమే మంచిది. నీళ్లు ఒకసారి లోపలికి దారి కనిపెట్టాక ఎంత కడిగినా కొన్ని నెలల ముచ్చటే.

ప్రశ్న: మా కారు చట్రంలో అసలు అలాంటి గుండీ స్విచ్ ఏదీ లేదు. మరి తలుపు తెరిచిన సంగతి కారుకెలా తెలుస్తుంది?

జవాబు: తలుపు గొళ్లెం లోపలే చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది. 1990ల నుంచి చాలా కంపెనీలు ఇటు మారాయి. గొళ్లెంలోని గ్రీజు ఎండి జిగురైతే లోపలి మీట పూర్తిగా కదలదు. దాంతో తలుపు మూసినా తెరిచినట్టు, తెరిచినా మూసినట్టు కారు పొరబడుతుంది. తలుపు తెరిచి ఉంచి, స్క్రూడ్రైవరుతో గొళ్లెం నాలుకను మూసిన స్థితికి నొక్కండి, హ్యాండిలు లాగి వదలండి. ఇలా పదిసార్లు చేస్తుండగా లైటు ఒక్కసారైనా స్పందిస్తే వైరు బాగున్నట్టే, గొళ్లెం శుభ్రం చేస్తే సరిపోవచ్చు. గొళ్లెం రంధ్రంలోకి శుభ్రపరిచే స్ప్రే కొట్టి, ఆరాక పలచని గ్రీజు స్ప్రే కొట్టండి. పని అయ్యాక హ్యాండిలు లాగి నాలుకను తెరిచిన స్థితికి తేవడం మరవకండి. నాలుక మూసి ఉండగా తలుపు వేస్తే గొళ్లెం విరుగుతుంది. అప్పటికీ దారికి రాకపోతే కొన్నిటికి మైక్రోస్విచ్ విడిగా దొరుకుతుంది, కొన్నిటికి గొళ్లెం మొత్తంగా మార్చాల్సిందే.

ప్రశ్న: లోపలి లైటు ఫ్యూజు వేసిన వెంటనే పోతోంది. 10 తీసి 20 వేయమని ఒకరు సలహా ఇచ్చారు. వేయవచ్చా?

జవాబు: వద్దు. ఆ వైర్లు చాలా చోట్ల అర చదరపు మిల్లీమీటరు మందమే. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు చేయాల్సిన పని పైకప్పు గుడ్డ వెనకనున్న వైరు చేస్తుంది, అంటే అదే కాలుతుంది.

ఫ్యూజులు తగలేయకుండా షార్టు ఎక్కడుందో పట్టే ఉపాయం చెబుతాం. 21 వాట్ల బ్రేకు లైటు బల్బు ఒకటి తీసుకుని దానికి రెండు వైర్లు అతికించండి. వాటి కొసలు ఫ్యూజు పెట్టే రెండు గాళ్లలో గుచ్చండి. తలుపులన్నీ మూయండి, లేదా లైటు స్విచ్ ఆఫ్‌లో పెట్టండి. షార్టు ఉంటే ఈ బల్బు నిండుగా వెలుగుతుంది. కరెంటు 1.75 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఏ వైరూ వేడెక్కదు. ఇక తీరిగ్గా ఒక్కో కొమ్మా తెంచుకుంటూ పోవచ్చు: పైకప్పు లైటు ప్లగ్గు, డిక్కీ లైటు, ఎండతెర అద్దం లైటు, తలుపు కింది లైటు, రేడియో. ఏది తీసినప్పుడు బల్బు ఆరిపోతుందో షార్టు ఆ దారిలో ఉంది. గడియారం లాంటివి లాగే చిన్న కరెంటుకు ఈ బల్బు వెలగదు, కాబట్టి దాని గురించి కంగారు అక్కర్లేదు.

ఎక్కువగా దొరికే చోట్లు కొన్నే. డిక్కీ కీలు దగ్గర వైరు నలిగి పైపూత ఊడటం. ఎండతెర ఇరుసులో తిరిగి తిరిగి వైరు ఒరుసుకుపోవడం. పైకప్పు లైటును తిరిగి బిగించేటప్పుడు వైరు అంచు కింద ఇరుక్కోవడం. అదే ఫ్యూజు మీద సిగరెట్ లైటరు సాకెట్టు కూడా ఉంటే ముందు దాంట్లోకి టార్చి వేసి చూడండి. గంటలకొద్దీ వెతికాక అడుగున ఒక నాణెం బయటపడటం ఈ వృత్తిలో పాత జోకు.

ఒక హెచ్చరిక: పసుపుపచ్చ ప్లగ్గులూ పసుపు తొడుగున్న వైర్లూ ఎయిర్‌బ్యాగులవి. ముందరి అద్దం పక్క స్తంభాల మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు కనిపిస్తే ఆ పలకలు సొంతంగా విప్పకండి, టెస్ట్ ల్యాంపు వాటిలో అసలే గుచ్చకండి.

ప్రశ్న: నల్ల వైరు ఎర్త్ అనుకుని కలిపితే ఫ్యూజు పోయింది. నల్లది ఎర్త్ కాదా?

జవాబు: కారు పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మన్ పద్ధతిలో గోధుమరంగు వైరు ఎర్త్, ఎరుపు ఎప్పుడూ ఉండే ప్లస్, నలుపు తాళం తిప్పితే వచ్చే ప్లస్. పాత బ్రిటిష్ పద్ధతిలో నలుపే ఎర్త్. ఊదారంగు ఫ్యూజు దాటి వచ్చే నిత్య ప్లస్, ఊదా మీద తెల్లగీత ఉంటే అది లోపలి లైటు నుంచి తలుపు స్విచ్‌లకు వెళ్లే వైరు. జపాన్ కార్లలో కంపెనీకో పద్ధతి. రంగు చూసి ఊహించండి తప్పులేదు, కలిపే ముందు మాత్రం టెస్ట్ ల్యాంపుతో అడగండి. అరవైల నాటి బ్రిటిష్ కార్లు కొన్నిటిలో బ్యాటరీ ప్లస్సే బాడీకి ఎర్త్‌గా ఉంటుంది. అలాంటిది మీ చేతికొస్తే ప్లస్ మైనస్‌ల మీద పైన చెప్పినవన్నీ తిరగేసి చదువుకోవాలి.

ప్రశ్న: పైకప్పు లైటుకు ఎల్‌ఈడీ వేశాం. తలుపులు మూశాక కూడా సన్నగా మిణుకుతూనే ఉంది. డిక్కీలో వేసినదైతే అసలు వెలగనే లేదు.

జవాబు: డిక్కీలోదాన్ని తీసి అటుదిటు తిప్పి పెట్టండి. ఫిలమెంటు బల్బుకు ప్లస్, మైనస్ పట్టింపు లేదు, ఎల్‌ఈడీకి ఉంది. రెండు వైపులా వెలిగే రకాలూ వస్తాయి, మీది అది కాదు.

పైకప్పుది వెలగడానికి కారణం తలుపు మూశాక కాసేపు వెలిగించి మెల్లగా ఆర్పే టైమరు. ఆరిపోయిందనుకున్నాక కూడా దాని గుండా ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు కారుతుంటాయి. లోపల చిన్న దీపం వెలిగే మీట స్విచ్ ఉన్న కార్లలోనూ ఇంతే. ఫిలమెంటుకు ఆ కాస్త కరెంటు ఆవగింజంత, ఎల్‌ఈడీ మాత్రం దాంతోనే మిణుకుతుంది. బ్యాటరీకి దీనివల్ల ప్రమాదం లేదు, రాత్రి కంటికి చికాకు తప్ప. పోగొట్టాలంటే ఎల్‌ఈడీ రెండు కొసల మధ్య 1 కిలో ఓము, అర వాటు రెసిస్టరు ఒకటి టంకం పెట్టండి. కారే కరెంటు దాని గుండా పోతుంది, ఎల్‌ఈడీ వెలగడానికి చాలినంత వోల్టేజి నిలవదు. లైటు వేసినప్పుడు ఆ రెసిస్టరు తినేది 0.2 వాట్లు, కాబట్టి వేడి సమస్య లేదు. ఇంకా సులువైన దారి ఒకటుంది. అదే సర్క్యూట్లో రెండు మూడు లైట్లుంటే ఒకదాంట్లో పాత ఫిలమెంటు బల్బే ఉంచేయండి, రెసిస్టరు పని అదే చేస్తుంది.

6 వోల్టుల పాతకాలపు కారుకు 12 వోల్టుల ఎల్‌ఈడీ వేసి చెడిపోయిందని తిరిగిచ్చేవారూ ఉన్నారు. దానికి 6 వోల్టులదే అడగాలి.

ప్రశ్న: రెండు రోజులు తీయకపోతే బ్యాటరీ దిగిపోతోంది. లైట్లన్నీ ఆరే ఉంటున్నాయి. బ్యాటరీ కొత్తదే.

జవాబు: ఆరి ఉంటున్నాయని మీకెలా తెలుసు? గ్లవ్ బాక్సు మూశాక లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడదు, డిక్కీ సంగతీ అంతే. ఫోన్లో వీడియో పెట్టి గ్లవ్ బాక్సులో పడేసి మూయండి, నిమిషం తరవాత తీసి చూడండి. డిక్కీకీ అదే చేయండి. ఇంకో మార్గం, ఒక రాత్రంతా మూసి ఉంచి తెరిచిన వెంటనే బల్బు మూత మీద చేయి పెట్టడం. వెచ్చగా ఉంటే దొంగ దొరికాడు.

లెక్క చూడండి. 5 వాట్ల బల్బు 0.4 ఆంపియర్లు లాగుతుంది, రెండు రోజుల్లో సుమారు 20 ఆంపియర్ గంటలు. 45 ఆంపియర్ గంటల బ్యాటరీలో దాదాపు సగం. 10 వాట్లదైతే అదే సమయంలో బ్యాటరీ దాదాపు ఖాళీ. మీరు చెప్పిన రెండు రోజులకు ఇది సరిగ్గా సరిపోతోంది.

గ్లవ్ బాక్సు, డిక్కీ లైట్లు ఆరకపోవడానికి కారణం సాధారణంగా విద్యుత్తుది కాదు. మూత స్విచ్‌ను నొక్కాల్సినంత నొక్కకపోవడమే. మూత వాలిపోయి ఉండొచ్చు, స్విచ్ గుండీని తాకే రబ్బరు దిమ్మ రాలిపోయి ఉండొచ్చు. తలుపు గుండీ అరిగినా ఇదే కథ. తాకే చోట 2, 3 మిల్లీమీటర్ల రబ్బరు ముక్క అంటిస్తే తీరిపోతుంది. అద్దం మూత విరిగిన ఎండతెరలను కూడా ఓసారి గమనించండి.

దీపాలు కాదని తేలితే బ్యాటరీ మైనస్ తీగ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి కొలవండి. మీటరు కలిపి ఉండగా స్టార్టు చేయకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. కంప్యూటర్లున్న కారైతే అవి నిద్రలోకి జారడానికి అరగంట దాకా పట్టవచ్చు, అంతవరకు ఆగి చదవండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఏది తీస్తే అంకె పడిపోతుందో చూడటమే. రేడియోకు రహస్య సంఖ్య అడిగే రకమైతే తీగ విప్పే ముందే ఆ సంఖ్య చేతిలో ఉండాలి.

ప్రశ్న: కొత్త స్టీరియో పెట్టించిన మర్నాటి నుంచి మీటర్ల వెనక లైట్లు రావడం లేదు. వెనక ఎర్రలైట్లు కూడా వెలగడం లేదని ఒకరు చెబితే తెలిసింది.

జవాబు: రెండూ ఒకే ఫ్యూజు మీద ఉన్నాయి, ఆ ఫ్యూజు పోయింది. పాత రేడియో ప్లగ్గులో లైట్లు వేసినప్పుడు రేడియో ముందు పలకను వెలిగించడానికి ఒక వైరు ఉంటుంది. కొత్త స్టీరియోకు అది అక్కర్లేక తెంచి, కొసకు టేపు చుట్టకుండా వదిలేస్తారు. అది వెనకనున్న ఇనుప చట్రానికి తగలగానే టెయిల్ లైటు ఫ్యూజు ఎగిరిపోతుంది. బయట దొరికే స్టీరియోల్లో పసుపు వైరు నిత్య ప్లస్, ఎరుపు తాళం తిప్పితే వచ్చే ప్లస్, నలుపు ఎర్త్, నారింజ ఈ వెలుగు వైరు. ఆ నారింజను పొరపాటున ఎర్త్‌కు కలిపినా ఫలితం ఇదే. స్టీరియో బయటికి లాగి, విడి కొసలన్నిటికీ విడివిడిగా తొడుగు వేసి, అప్పుడు ఫ్యూజు వేయండి. వెనక ఎర్రలైట్లు లేకుండా రాత్రిపూట రోడ్డెక్కకండి, ఈ సంచికలో ఇంతకంటే ముఖ్యమైన మాట లేదు.

వెనక లైట్లు వచ్చి మీటర్ల వెనక మాత్రం చీకటిగానే ఉంటే డాష్‌బోర్డు మీద వెలుగు తగ్గించే చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై సార్లు తిప్పండి. పాతవాటి లోపల చుట్టిన తీగ మీద ఒక చిన్న రేకు జరుగుతుంది. ఏళ్లుగా ఒకేచోట ఉంటే అక్కడ చిలుము పట్టి తెగిపోతుంది. తిప్పుతుండగా వెలుగు వచ్చీ పోయీ ఆడితే చక్రానిదే తప్పు. దీనికి ముందు, అసలు ఎవరైనా దాన్ని పూర్తిగా కిందికి తిప్పి వదిలేశారేమో చూడటం మరచిపోకండి. కొన్ని కార్లలో ఇదే చక్రం ఒక చివర టక్కుమంటే పైకప్పు లైటు ఆన్ అవుతుంది, ఇంకో చివర తలుపు తీసినా రాకుండా చేస్తుంది.

ప్రశ్న: వెనక తలుపు పైకి లేచే కారు మాది. డిక్కీ లైటు, నంబరు ప్లేటు లైటు, వెనక వైపరు, మూడూ వారం తేడాలో ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మూడూ ఒకేసారి ఎలా చెడతాయి?

జవాబు: అవి చెడలేదు. పైకప్పుకూ వెనక తలుపుకూ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఒకటుంటుంది, వైర్లన్నీ దాని గుండానే పోతాయి. తలుపు ఎత్తినప్పుడల్లా అక్కడే వంగుతాయి. పైపూత చెక్కుచెదరకుండా కనబడుతూనే లోపలి రాగి తీగ తెగిపోతుంది. గొట్టం రెండు చివరలూ ఊడదీసి వెనక్కి నెట్టి, ఒక్కో వైరునూ మెల్లగా లాగండి. తెగిన వైరు రబ్బరులా సాగుతుంది. తలుపును కొన్ని కోణాల్లో పట్టుకుంటే లైటు వచ్చి పోవడం దీనికి ముందు కనిపించే లక్షణం.

తెగినచోటే మెలిపెట్టి టేపు చుట్టడమో, టంకం పెట్టడమో చాలామంది చేసే మరమ్మతు. అది నిలవదు. టంకం పెట్టిన చోటు గట్టిపడుతుంది, వంగే చోట గట్టి అతుకుంటే దాని పక్కనే మళ్లీ తెగుతుంది. గొట్టం లోపలి భాగమంతా కత్తిరించి తీసేసి, అదే మందమున్న మెత్తటి సిలికాన్ పూత వైరు 20, 25 సెంటీమీటర్లు వేయండి. అతుకులు రెండూ గొట్టానికి బయట, కదలని చోట పడాలి. ఒకటి పైకప్పు లోపల, ఇంకోటి తలుపు లోపల. టంకం పెట్టే ముందే వేడికి ముడుచుకునే తొడుగు వైరుకు ఎక్కించండి, తరవాత గుర్తొచ్చి లాభం లేదు. అన్నిటినీ ఒకేసారి కత్తిరించవద్దు. ఒకే రంగు వైర్లు రెండు దొరికితే ఏది ఎక్కడికో తేల్చుకోవడానికి సాయంత్రమవుతుంది. ఒకటి తెగితే పక్కవి కూడా తెగడానికి సిద్ధంగానే ఉంటాయి, విప్పిన రోజే అన్నీ మార్చేయండి. తిరిగి గొట్టం తొడిగే ముందు తలుపు పూర్తిగా ఎత్తి ఏ వైరూ బిగుతుగా లాగినట్టు లేదని చూసుకోండి.